టికెట్ కొనకపోతే ఓనర్ దిగొస్తాడా? హైదరాబాద్ ఎఫ్‌సీ ఫ్యాన్స్‌కు దక్కని ఆయుధం.. బ్లాక్‌పూల్, కొచ్చి చెబుతున్న పాఠం

2025 డిసెంబర్ 13. ఉప్పల్ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియం. ఎప్పుడూ క్రికెట్ హోరు వినిపించే చోట ఆ సాయంత్రం ఫుట్‌బాల్ పేరు మార్మోగింది. లియోనెల్ మెస్సీని ఒక్కసారి కళ్లారా చూద్దామని వేల రూపాయలు పెట్టి టికెట్లు కొన్నారు జనం. సీఎం రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ వేసుకుని గ్రౌండ్‌లోకి దిగారు. కోల్‌కతాలో అదే రోజు కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి. ఉప్పల్‌లో మాత్రం అంతా సాఫీగా సాగిపోయింది.

అయితే ఆ సంబరంలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. సరిగ్గా రెండు నెలల ముందే, అంటే 2025 అక్టోబర్‌లో, ఈ నగరానికి ఉన్న ఐఎస్ఎల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఒకప్పుడు దేశానికి ఛాంపియన్‌గా నిలిచిన క్లబ్ అది. అలాంటి క్లబ్ ఊరు వదిలి పోతుంటే అడ్డుకోగలిగిన వాళ్లే లేరు. మెస్సీ కోసం స్టేడియం నిండింది కానీ, సొంత క్లబ్ కోసం ఖాళీ చేసి చూపించేంత జనం ఎప్పుడూ పోగవలేదు.

ఇక్కడే అసలు ప్రశ్న. ఓనర్లు క్లబ్‌ను ముంచేస్తుంటే అభిమాని ఏం చేయగలడు? ప్రపంచవ్యాప్తంగా ఫుట్‌బాల్ ఫ్యాన్స్ చేతిలో ఉన్న ఆఖరి ఆయుధం ఒక్కటే.. బాయ్‌కాట్. మ్యాచ్‌కు వెళ్లొద్దు, టికెట్ కొనొద్దు, జెర్సీ కొనొద్దు. మరి అది నిజంగా పనిచేస్తుందా? చేసిన చోట ఎందుకు చేసింది? హైదరాబాద్‌లో ఆ మాటే ఎందుకు పుట్టలేదు?

గోవాలో గెలిచిన కప్పు.. గచ్చిబౌలిలో ఖాళీ కుర్చీలు

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టిందే ఇంకో ఊరి క్లబ్ మూతపడటంతో. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ కథ ముగిశాక, ఆ స్థానంలోకి విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఓనర్లుగా హైదరాబాద్ వచ్చింది. హోమ్ గ్రౌండ్ గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం. తొలి సీజన్‌లో పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక జట్టు తీరే మారిపోయింది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. మ్యాచ్ 1-1తో ముగిసింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. 3-1తో కప్పు మనది. ఆ సీజన్‌లో ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు.

కానీ ఓ చిక్కుంది. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ పూర్తిగా గోవా బయోబబుల్‌లోనే జరిగాయి. అంటే హైదరాబాద్ జట్టు తన బెస్ట్ ఫుట్‌బాల్ ఆడిన రోజుల్లో హైదరాబాదీ దాన్ని టీవీలోనే చూశాడు. స్టేడియానికి వెళ్లే అలవాటు పడాల్సిన రెండేళ్లు అలా కరిగిపోయాయి. ఉన్నంతలో డెక్కన్ లెజియన్ పేరుతో ఓ అభిమానుల బృందం డ్రమ్ములతో, బ్యానర్లతో స్టాండ్లను బతికించింది. వాళ్ల పట్టుదలకు లోటు లేదు. లోటల్లా సంఖ్యలోనే.

దానికి తోడు దూరం. ఉప్పల్, నాచారం వైపు నుంచి గచ్చిబౌలి అంటే నగరం ఆ చివరి నుంచి ఈ చివరికి ప్రయాణం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి ఆటో పట్టుకోవాలి. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ ముగిసేసరికి తొమ్మిదిన్నర. మళ్లీ అదే దారిలో వెనక్కి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు ముగించుకుని వచ్చే కుర్రాడికి ఇది వారం మధ్యలో అయ్యే పని కాదు. గుమ్మం ముందున్న ఉప్పల్ స్టేడియం ఏమో క్రికెట్‌ది. జట్టు పేరులో హైదరాబాద్ ఉన్నా, తూర్పు హైదరాబాద్‌కు అది ఎప్పుడూ పొరుగూరి జట్టులాగే మిగిలిపోయింది.

2023-24లో అసలు కష్టాలు మొదలయ్యాయి. జీతాలు అందడం లేదని ఆటగాళ్లు, సిబ్బంది మొత్తుకున్నారు. బకాయిల కేసుల్లో ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా బ్యాన్ వేసింది. విదేశీ ప్లేయర్లు, సీనియర్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతోనే సీజన్ లాగించారు. 22 మ్యాచ్‌లలో ఒక్కటంటే ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. రెండేళ్ల కిందటి ఛాంపియన్ పరిస్థితి అది! 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. ఆ తర్వాత నేరుగా ఢిల్లీ ఫ్లైట్.

మరి ఇక్కడ అభిమానులు స్టేడియం ఖాళీ చేసి నిరసన తెలపాలన్నా.. అప్పటికే స్టాండ్లు పలచబడ్డాయి. ఖాళీ కుర్చీల మధ్య బాయ్‌కాట్ చేస్తే కోపంతో రాలేదా, ఆసక్తి లేక రాలేదా అని ఎవరికి తెలుస్తుంది? నిండిన స్టేడియాన్ని ఖాళీ చేస్తేనే బాయ్‌కాట్ కనిపిస్తుంది. హైదరాబాద్ ఫ్యాన్స్ చేతికి ఆ ఆయుధం అందకపోవడానికి కారణం ఇదే.

బ్లాక్‌పూల్: నాలుగేళ్లు గేటు బయటే

బాయ్‌కాట్ అంటే ఫుట్‌బాల్ లోకంలో ముందుగా గుర్తుకొచ్చే పేరు ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్. 2010-11లో ఈ చిన్న క్లబ్ ప్రీమియర్ లీగ్ ఆడింది. ఒక్క సీజనే. కానీ దాంతో కోట్ల పౌండ్ల ఆదాయం వచ్చిపడింది. ఆ డబ్బు జట్టు మీద కాకుండా ఓనర్ ఓయిస్టన్ కుటుంబ కంపెనీల వైపు మళ్లిందన్నది అభిమానుల ఆరోపణ. జట్టు వరుసగా కింది డివిజన్లకు జారింది. ప్రశ్నించిన అభిమానుల మీద ఓనర్లు పరువు నష్టం దావాలు వేశారు.

దాంతో ఫ్యాన్స్ తేల్చేశారు.. ఇక ఒక్క పైసా ఇచ్చేది లేదని. 2015 నుంచి వేలాది మంది సొంత గ్రౌండ్‌లోకి అడుగు పెట్టడం మానేశారు. తమ జట్టు లోపల ఆడుతుంటే వీళ్లు గేటు బయట నిలబడ్డారు.

ఈ బాయ్‌కాట్‌లో అసలు పరీక్ష 2017 మేలో వచ్చింది. జట్టు వెంబ్లీ స్టేడియంలో ప్లే-ఆఫ్ ఫైనల్‌కు చేరింది. ఏ అభిమానికైనా జీవితంలో అరుదుగా వచ్చే రోజు అది. అయినా చాలామంది వెళ్లలేదు. బ్లాక్‌పూల్ 2-1తో గెలిచి పై డివిజన్‌కు వెళ్లింది. 90 వేల మంది పట్టే వెంబ్లీలో ఆ రోజు ఉన్నది 23 వేల పైచిలుకు మాత్రమే. జట్టు గెలుస్తుంటే ఇంట్లో కూర్చోవడం.. ఓడినప్పుడు కూర్చోవడం కన్నా పది రెట్లు కష్టం. ఆ రోజు వెంబ్లీకి వెళ్లిన వాళ్లకు, వెళ్లని వాళ్లకు మధ్య మాటలు కూడా పెరిగాయి. బాయ్‌కాట్ ఓనర్‌నే కాదు, అభిమానుల్నీ రెండుగా చీలుస్తుంది.

చివరికి ఏమైంది? 2017 నవంబర్‌లో లండన్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. క్లబ్ నుంచి అక్రమంగా సొమ్ము తరలించారంటూ, మైనారిటీ వాటాదారు వలేరి బెలోకాన్‌కు 3.1 కోట్ల పౌండ్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. ఆ డబ్బు పూర్తిగా కట్టకపోవడంతో 2019 ఫిబ్రవరిలో కోర్టు రిసీవర్‌ను నియమించింది. ఓయిస్టన్ బోర్డు నుంచి బయటికి పోవాల్సి వచ్చింది. 2019 మార్చి 9న సౌథెండ్‌తో మ్యాచ్‌కు ఫ్యాన్స్ తిరిగి లోపలికి వెళ్లారు. ఆ రోజు హాజరు 15,871. మ్యాచ్ 2-2తో డ్రా. స్కోరు ఎవరికి కావాలి? నాలుగేళ్ల తర్వాత సొంత సీటులో కూర్చున్నారు, అంతే. ఆ రోజును బ్లాక్‌పూల్ అభిమానులు ఇప్పటికీ ఇంటికి తిరిగొచ్చిన రోజుగానే తలచుకుంటారు.

ఇక్కడ ఓ విషయం జాగ్రత్తగా గమనించాలి. ఓనర్‌ను దించింది నేరుగా బాయ్‌కాట్ కాదు, కోర్టు. అలాగని బాయ్‌కాట్ వృథా కాలేదు. గేట్ దగ్గర ఆదాయం పోయింది, క్లబ్ పరువు పోయింది, విషయం నాలుగేళ్లు వార్తల్లోంచి పోలేదు. బాయ్‌కాట్ ఒత్తిడిని బతికించింది, చట్టం పని పూర్తి చేసింది.

ఊరు మార్చిన వింబుల్డన్.. హైదరాబాద్‌కు దగ్గరి కథ

హైదరాబాద్ ఎఫ్‌సీకి అచ్చంగా సరిపోయే ఉదాహరణ మాత్రం వింబుల్డన్‌దే. 1988లో ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్ అది. దాన్ని దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించేందుకు 2002 మేలో అనుమతి వచ్చింది. అభిమానులు వెంటనే బాయ్‌కాట్ మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో రోథర్‌హామ్‌తో మ్యాచ్ చూడటానికి వచ్చింది 849 మంది.

అయినా క్లబ్ తరలింపు ఆగలేదు. కానీ ఫ్యాన్స్ కేవలం దూరంగా ఉండి ఊరుకోలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టుకున్నారు. పార్కులో సెలెక్షన్స్ పెట్టి, కింది నుంచి మొదలుపెట్టి, 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. 2020 నవంబర్‌లో తమ పాత పేట ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియం కూడా కట్టుకున్నారు. ఓనర్ క్లబ్ లైసెన్స్‌ను పట్టుకుపోయాడు. క్లబ్ మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

ఓనర్లు మనోళ్లే.. స్టాండ్లు వేరేచోట

తెలుగు పాఠకులకు ఇందులో ఇంకో ఆసక్తికరమైన కోణం ఉంది. ఓనర్ల మీద ఫ్యాన్స్ తిరగబడ్డ రెండు పెద్ద ఉదంతాల్లో ఓనర్లు హైదరాబాద్ మూలాలున్న వాళ్లే, తెలుగువాళ్లే.

ఒకటి బ్లాక్‌బర్న్ రోవర్స్. 1875లో పుట్టిన క్లబ్, 1994-95 ప్రీమియర్ లీగ్ ఛాంపియన్. 2010 నవంబర్‌లో దీన్ని కొన్నది వెంకీస్. దేశంలో కోళ్ల పరిశ్రమకు బాట వేసిన బి.వి. రావు 1971లో స్థాపించిన వెంకటేశ్వర హ్యాచరీస్ గ్రూపే అది. కొన్న నెల తిరక్కుండానే కోచ్ శామ్ అలర్డైస్‌ను పంపేశారు. 2012 మేలో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయింది. ఆ రోజు మ్యాచ్ మధ్యలో ఎవరో క్లబ్ జెండా చుట్టిన కోడిని గ్రౌండ్‌లోకి వదిలారు. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. 2009-10లో 25 వేలు దాటిన సగటు హాజరు 2015-16 నాటికి 14 వేలకు వచ్చేసింది. ఓటముల వల్ల కొందరు, నిరసనగా కొందరు రావడం మానేశారు.

అయినా వెంకీస్ పోలేదు. ఎందుకంటే ఆ క్లబ్ టికెట్ల మీద బతకడం లేదు. ఏటా వచ్చే నష్టాన్ని ఓనర్లే పూడుస్తున్నారు. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. ఫ్యాన్స్ రాకపోతే ఓనర్‌కు వచ్చే నష్టం కొంచెమే. ఓనర్ డబ్బు ఆపేస్తే క్లబ్‌కే ఎసరు. మన దగ్గర దర్యాప్తు సంస్థల కేసు కారణంగా డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవాల్సిన పరిస్థితి వచ్చినప్పుడు ఈ భయం ఏంటో బ్లాక్‌బర్న్ అభిమానులకు తెలిసొచ్చింది.

రెండోది కేరళ బ్లాస్టర్స్. 2016లో సచిన్ టెండూల్కర్‌తో పాటు నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ చేయి కలిపిన క్లబ్ ఇది. సచిన్ 2018లో తప్పుకున్నారు. మూడు ఫైనల్స్ ఆడి మూడూ ఓడిన క్లబ్, అందులో ఒకటి మన హైదరాబాద్ చేతిలో. అయినా కొచ్చి స్టేడియం పసుపు సముద్రంలా ఉండేది. 2024 డిసెంబర్‌లో వరుస ఓటముల తర్వాత అభిమానుల బృందం మంజప్పడ ఇక టికెట్లు కొనేది లేదని, లోపలా బయటా నిరసన తెలుపుతామని ప్రకటించింది. కోచ్ మికేల్ స్టారేను క్లబ్ అదే నెలలో తప్పించింది. కొద్దిరోజులకే అభిమానులతో ఫ్యాన్ అడ్వైజరీ బోర్డు ఏర్పాటు చేస్తామని యాజమాన్యం ముందుకొచ్చింది.

ఓనర్ మారలేదు, కప్పూ రాలేదు. ఆ సీజన్‌లో ఎనిమిదో స్థానమే. కానీ యాజమాన్యం అభిమానులతో టేబుల్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. కారణం? మంజప్పడ రాకపోతే టీవీలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఖాళీ పసుపు స్టాండ్ స్పాన్సర్‌ను భయపెడుతుంది.

ఎక్కడ పనిచేస్తుంది? ఎక్కడ చేయదు?

ఈ కథలన్నీ పక్కపక్కన పెడితే మూడు విషయాలు తేలుతున్నాయి.

ఒకటి, జనం ఉన్నచోటే బాయ్‌కాట్‌కు బలం. కొచ్చిలో అది బెదిరింపు. గచ్చిబౌలిలో అది మామూలు బుధవారం.

రెండు, టికెట్ ఆదాయం చిన్న భాగమైన చోట దెబ్బ తగలాల్సింది గల్లా పెట్టెకు కాదు, పరువుకు, స్పాన్సర్లకు, టీవీకి. జర్మనీలో 2024 ఫిబ్రవరిలో అభిమానులు టెన్నిస్ బంతులు గ్రౌండ్‌లోకి విసిరి మ్యాచ్‌లు ఆపారు. లీగ్‌లోకి బయటి పెట్టుబడిదారును తెచ్చే ప్రయత్నాన్ని లీగ్ వెనక్కి తీసుకుంది. టీవీ ప్రసారం చెడిపోతుంటే ఎవరికైనా నొప్పే కదా.

మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది.. చట్టం. జర్మనీ క్లబ్బుల్లో ఓటింగ్ మెజారిటీ సభ్యుల చేతిలోనే ఉండాలన్న నిబంధన ఉంది. ఇంగ్లండ్ 2025 జూలైలో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం తెచ్చి, స్వతంత్ర రెగ్యులేటర్‌ను పెట్టుకుంది. బ్లాక్‌పూల్, వింబుల్డన్ లాంటి చోట్ల ఏళ్ల తరబడి గేటు బయట నిలబడ్డ వాళ్ల గోడు ఆ చట్టం వెనుక ఉంది. మన దేశం కూడా 2025లోనే జాతీయ క్రీడా పాలన చట్టం తెచ్చింది. ఫెడరేషన్ల పాలన, ఎన్నికలు, ఆటగాళ్ల ప్రాతినిధ్యం, ట్రిబ్యునల్.. అన్నీ ఉన్నాయి. టికెట్ కొనే అభిమాని ఊసు మాత్రం లేదు.

ఉప్పల్‌కూ తెలిసిన కథే

ఇది ఫుట్‌బాల్ గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటే. 2022 సెప్టెంబర్‌లో భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం జింఖానా గ్రౌండ్ దగ్గర తొక్కిసలాట జరిగింది, జనం గాయపడ్డారు. 2024 ఏప్రిల్‌లో ఐపీఎల్ మ్యాచ్ ముందు రోజు కోటిన్నరకు పైగా కరెంట్ బిల్లు బకాయి ఉందని ఉప్పల్ స్టేడియానికి సరఫరా కట్ చేశారు. 2025 మార్చిలో ఫ్రీ పాసుల గొడవ ముదిరి సన్‌రైజర్స్ ఊరు వదిలి పోతామనే దాకా వెళ్లింది. ఆ ఏడాది జూలైలో హెచ్‌సీఏ అధ్యక్షుడిని సీఐడీ అరెస్టు చేసింది.

ఈ మొత్తం వ్యవహారంలో లైన్లో నిలబడి టికెట్ కొన్నోడి మాట ఎవరూ అడగలేదు. ఉప్పల్‌లో జనానికి కొదవ లేదు, గచ్చిబౌలిలో లేని బలం ఇక్కడుంది. కానీ ఆ జనం ఎప్పుడూ ఒక్క గొంతుగా కూడలేదు. క్రికెట్ అభిమానికి సంఖ్య ఉంది, సంఘం లేదు. ఫుట్‌బాల్ అభిమానికి సంఘం ఉంది, సంఖ్య లేదు. రెండు చోట్లా చివరికి లాభం యాజమాన్యాలకే.

ఇక మిగిలిందేంటి?

హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే 2019లో పుట్టింది కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపిన, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిన కోచ్ ఎస్.ఎ. రహీమ్ ఈ ఊరివాడే. తులసీదాస్ బలరాం, మహ్మద్ హబీబ్ ఇక్కడి గల్లీల్లో ఆడినవాళ్లే. ఆ ఆటను బతికించింది ఫ్రాంచైజీలు కాదు, పోలీస్ జట్లు, బస్తీ క్లబ్బులు, లీగ్ మ్యాచ్‌లు.

ఐ-లీగ్‌లో రెండుసార్లు రన్నరప్‌గా నిలిచిన శ్రీనిధి డెక్కన్ ఉంది కానీ, దాని గ్రౌండ్ కూడా నగరానికి పడమరే. తూర్పు వైపు ఉన్న లక్షల మందికి పెద్ద ఫుట్‌బాల్ ఇప్పటికీ టీవీలో చూసేదే. 2025 జూలైలో ఐఎస్ఎల్ మొత్తమే నిరవధికంగా ఆగిపోయినప్పుడు, పైన కట్టిన మేడ ఎంత బలహీనమో దేశమంతా చూసింది.

రేపు మళ్లీ ఏదో గ్రూప్ హైదరాబాద్ పేరుతో జట్టు పెడతామని రావచ్చు. అప్పుడు స్టార్ ప్లేయర్ ఎవరని అడిగే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. జట్టు పేరు, రంగులు, ఊరు మార్చాలంటే అభిమానుల సమ్మతి ఉండాలని రాతపూర్వకంగా ఇస్తారా? జీతాల బకాయిలు ఎంతో ఏటా బయటపెడతారా? అభిమానుల సంఘానికి బోర్డులో ఒక్క కుర్చీ అయినా ఇస్తారా? ప్రభుత్వం స్టేడియం ఇచ్చేటప్పుడే ఈ షరతులు పెట్టొచ్చు. గ్రౌండ్ ప్రజలది కాబట్టి అడిగే హక్కూ ప్రజలదే. ఆ కాగితం ముందే చేతిలో ఉంటే గేటు బయట నాలుగేళ్లు నిలబడాల్సిన అవసరం రాదు. లేకపోతే మాత్రం, అలా నిలబడటానికి సిద్ధంగా ఉన్న జనాన్ని ముందు గ్రౌండ్ లోపల పోగు చేసుకోవాల్సిందే.